మనిషికి 50 ఎకరాలు: వర్జీనియా వెనక లెక్క

ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు రైతును ఈసారి ఏం వేశారని అడిగితే "వర్జీనియా" అంటాడు. అదే మాట అమెరికాలో ఆష్‌బర్న్‌లోనో హెర్న్‌డన్‌లోనో స్థిరపడ్డ తెలుగు కుటుంబానికి ఇంటి అడ్రసు. ఇటు పంట పేరు, అటు రాష్ట్రం పేరు. ఈ రెండూ ఒకటే ఎందుకయ్యాయో చూడబోతే 400 ఏళ్ళు వెనక్కి, జేమ్స్ నది ఒడ్డున ఉన్న ఒక బురదనేల దాకా వెళ్ళాలి.

ముందు మాట సంగతి ఒకటి. తెలుగులో కాలనీని వలస రాజ్యం అంటాం, మైగ్రేషన్‌ని కూడా వలసే అంటాం. పాలమూరు వలస, శ్రీకాకుళం వలస అన్నప్పుడు మన కళ్ళముందు మెదిలేది పొట్ట చేతపట్టుకుని మూటతో బయల్దేరిన మనిషి. దాంతో "యూరోపియన్లు అమెరికాకు వలస వెళ్ళారు" అని చదివినా అలాంటి బొమ్మే మెదులుతుంది. కానీ 1820 వరకు అట్లాంటిక్ దాటి రెండు అమెరికా ఖండాలకు చేరినవాళ్ళను లెక్కేస్తే, ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఆఫ్రికన్లు. గొలుసులతో తెచ్చినవాళ్ళు. అంటే మనం యూరోపియన్ వలస అని పిలుచుకునే ఆ మూడు వందల ఏళ్ళలో యూరోపియన్లు మైనారిటీ. ఇది తెలిశాక కథను మొదట్నుంచి మళ్ళీ చెప్పుకోవాల్సి వస్తుంది. వర్జీనియా అందుకు మంచి ఉదాహరణ, ఎందుకంటే అక్కడ ఒకే ఒక్క చట్టం భూమిని, తెల్ల కూలీని, నల్ల బానిసను ఒకే ముడిలో కట్టేసింది.

1607 మే నెలలో మూడు ఓడల్లో వచ్చిన నూరు మందికి పైగా ఇంగ్లిష్ మగవాళ్ళు, కుర్రాళ్ళు జేమ్స్‌టౌన్‌లో దిగారు. వాళ్ళను పంపింది రాజు కాదు, లండన్‌లో షేర్లు అమ్ముకున్న వర్జీనియా కంపెనీ. రాజు ఇచ్చింది చార్టర్, అంటే అనుమతిపత్రం మాత్రమే. వాటాదారులకు లాభం కావాలి, బంగారం దొరుకుతుందన్న ఆశ. దిగిన చోటు ఖాళీ నేల కాదు. అక్కడి మనుషులు దాన్ని సెనకొమాకా అనేవాళ్ళు. దాదాపు 30 తెగలు, సుమారు 14, 15 వేల మంది జనం, అందరిమీదా వాహున్సెనకా అనే పెద్ద నాయకుడు. ఇంగ్లిష్‌వాళ్ళు అతణ్ణి పౌహాటన్ అన్నారు, అతని జనాన్నీ అదే పేరుతో పిలిచారు. ఆడవాళ్ళు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించేవాళ్ళు. కొన్నేళ్ళు సాగుచేసిన పొలాన్ని వదిలేసి, నేల కోలుకునేదాకా ఇంకోచోటికి పోయేవాళ్ళు. ఆ వదిలిన పొలాన్నే ఇంగ్లిష్‌వాడు బంజరు అనుకున్నాడు, లేదా అనుకోవడం తనకు లాభం కాబట్టి అనుకున్నాడు.

వచ్చినవాళ్ళ పరిస్థితి మొదట్లో దారుణం. చెట్ల వలయాలను బట్టి చూస్తే 1606 నుంచి 1612 దాకా ఆ ప్రాంతంలో వందల ఏళ్ళలో ఎరగని కరువు. పండించుకోవడం రాదు, పక్కవాడి దగ్గర మొక్కజొన్న అడగడం, ఇవ్వకపోతే లాక్కోవడం. 1609-10 చలికాలంలో జేమ్స్‌టౌన్ కోటలో సుమారు 300 మంది ఉంటే వసంతానికి మిగిలింది 60 మంది. చనిపోయినవాళ్ళ మాంసం తిన్నారని అప్పటి రాతల్లో ఉంటే కట్టుకథేమో అనుకునేవాళ్ళు చాలాకాలం. 2012లో తవ్వకాల్లో 14 ఏళ్ళ అమ్మాయి పుర్రె బయటపడింది, దానిమీద కత్తిగాట్లున్నాయి. అనుమానం అక్కడితో తీరింది.

ఇలా మునిగిపోతున్న కంపెనీని గట్టెక్కించింది పొగాకు. వర్జీనియాలో అప్పటికే స్థానికులు పండించే పొగాకు ఉంది, కానీ ఘాటు, లండన్ నోటికి ఎక్కలేదు. జాన్ రోల్ఫ్ అనే అతను కరీబియన్ వైపు నుంచి వేరే రకం విత్తనాలు సంపాదించి 1612 ప్రాంతంలో వేసి చూశాడు. 1617లో ఎగుమతి సుమారు 9 టన్నులు. 1640 వచ్చేసరికి దాదాపు 680 టన్నులు. 1617లో కొత్త గవర్నర్ ఓడ దిగి చూస్తే జేమ్స్‌టౌన్‌లో అయిదారు ఇళ్ళు నిలబడి ఉన్నాయి, చర్చి కూలిపోయింది, వీధుల్లోనూ సంతబజారులోనూ పొగాకు మొక్కలు. ఊరి వీధిని దున్ని పంటవేశారంటే ఆ ఆశ ఏ పాటిదో ఊహించుకోవచ్చు. పొగాకే డబ్బయింది. పాస్టర్ జీతం పొగాకులో, జరిమానా పొగాకులో. 1620లో కంపెనీ ఇంగ్లండ్ నుంచి పెళ్ళికూతుళ్ళను పంపితే ఒక్కొక్కరి ప్రయాణ ఖర్చు కింద పెళ్ళికొడుకు కట్టాల్సింది సుమారు 54 కిలోల ఆకు.

ఈ రోల్ఫ్ చరిత్రలో మూడు చోట్ల కనబడతాడు. మొదటిది ఈ విత్తనం. రెండోది, ఇంగ్లిష్‌వాళ్ళు బందీగా పట్టి తెచ్చిన పౌహాటన్ కూతురు పోకహాంటస్‌ను 1614లో పెళ్ళాడాడు, ఆ పెళ్ళితో యుద్ధం కొన్నేళ్ళు ఆగింది. సినిమాల్లో చూపించే ప్రేమకథ ఏదీ దీన్లో లేదు, ఆ అమ్మాయి 1617లో ఇంగ్లండ్‌లోనే చనిపోయింది, అప్పటికి ఇరవై ఏళ్ళ వయసు. మూడోది 1619. ఆగస్టు చివర్లో ఒక ఓడ (దాని పేరు వైట్ లయన్) వచ్చిందని, దాన్లోంచి "20 మందికి పైచిలుకు" నీగ్రోలను తిండిసరుకులిచ్చి తీసుకున్నారని రాసిపెట్టింది ఇతనే.

పొగాకు పండించినవాళ్ళకు ఈ పంట సంగతి వేరే చెప్పక్కర్లేదు. నారుమడి పోయాలి, నాటాలి, పురుగు ఏరాలి, తలలు తుంచాలి, తుంచాక వచ్చే పిలకలు తీయాలి, ఆకు చూసుకుని కోయాలి, ఆరబెట్టాలి. ఏ పనీ వాయిదా వేయడానికి ఉండదు. పైగా ఎరువు లేని ఆ రోజుల్లో మూడు నాలుగు పంటలకే నేల పీల్చేసినట్టయ్యేది. కాబట్టి ఈ పంటకు రెండు కావాలి. ఎడతెగకుండా కొత్త భూమి, ఎడతెగకుండా కొత్త చేతులు. రెండిటినీ కలిపి 1618లో కంపెనీ ఒక పద్ధతి పెట్టింది. దాని పేరు హెడ్‌రైట్. ఖర్చు పెట్టుకుని ఒక మనిషిని వర్జీనియాకు తెచ్చినవాడికి 50 ఎకరాలు. వచ్చిన మనిషికి కాదు, తెచ్చినవాడికి.

ఇది చదివి ముందుకు వెళ్ళిపోవడం తేలిక, కానీ ఇంజన్ అంతా ఇక్కడే ఉంది. ఇంగ్లండ్‌లో పనిలేక తిరుగుతున్న కుర్రాడికి ఓడ టికెట్ కొనే స్తోమత లేదు. వాడు నాలుగు నుంచి ఏడేళ్ళు ఊరికే చాకిరీ చేస్తానని కాగితం మీద సంతకం పెడతాడు. తోటయజమాని ఆ టికెట్ కొంటాడు. యజమానికి ఏడేళ్ళ పనిమనిషి దొరికాడు, దాంతోపాటు 50 ఎకరాలు కూడా. ఆ కుర్రాడు దిగిన ఏడాదికే జ్వరంతో పోయినా భూమి యజమానిదే. 17వ శతాబ్దంలో ఆ ప్రాంతానికి వచ్చిన ఇంగ్లిష్‌వాళ్ళలో మూడొంతులు ఇలా ఒప్పందకూలీలే, వాళ్ళు చచ్చిపోవడమూ మామూలే. 1624 లోపు కంపెనీ 6,000 మందికి పైగా పంపితే, 1625లో ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టినప్పుడు బతికున్నది సుమారు 1,200. మోసాలూ తక్కువ కాదు. ఒకే కూలీ పేరుమీద ఓడ కెప్టెన్ ఒకసారి, వ్యాపారి ఒకసారి, తోటయజమాని ఒకసారి భూమి రాయించుకున్న సందర్భాలున్నాయి. మనకు తెలిసిన పట్టాల మాయలేవీ కొత్తవి కావు.

ఇంతకీ ఈ 50 ఎకరాలు ఎక్కడివి? ఇచ్చేవాడు ఎవడి భూమి ఇస్తున్నాడు? కాగితంలో ఆ ప్రశ్నే లేదు. ఓడ దిగే ప్రతి మనిషితో పౌహాటన్ జనం భూమిలో ఒక ముక్క కాగితం మీద పోయేది, తర్వాత నేలమీద పోయేది. నదుల వెంట మంచి నేల ముందు పోయింది, అక్కడే వాళ్ళ ఊళ్ళుండేవి, పడవలో వచ్చి పొగాకు ఎత్తుకోవడానికి ఓడలకు కావాల్సింది కూడా అదే నేల. 1622 మార్చి 22న వాహున్సెనకా తమ్ముడు ఓపెచాన్కనో నాయకత్వంలో ఒకే ఉదయం దాడిచేసి 347 మందిని చంపారు. కాలనీలో నాలుగో వంతో, అంతకన్నా ఎక్కువో. లండన్‌లో దీనికి వచ్చిన స్పందన గమనించాలి. ఎడ్వర్డ్ వాటర్‌హౌస్ అదే ఏడు కంపెనీ తరఫున అచ్చువేయించిన నివేదికలో దుఃఖం ఉంది గానీ, దాని వెంటే లాభం లెక్క కూడా ఉంది. ఇకమీద మనం మర్యాద పాటించనక్కర్లేదు, యుద్ధం పేరుమీద వాళ్ళ ఊళ్ళు, వాళ్ళు నరికి చదును చేసుకున్న పొలాలు మనమే తీసుకోవచ్చు, అడవి కొట్టే శ్రమ తప్పుతుంది అన్నది దాని సారం. మరుసటి ఏడు శాంతి మాటలకని పిలిచి, విషం కలిపిన మద్యం పోసి చాలామందిని చంపారు.

స్థానికులు అంతరించడానికి రోగాలే కారణమని ఒక్క వాక్యంలో తేల్చేయడం మామూలైపోయింది. మశూచి నిజమే, దాని ధాటికి తట్టుకునే శక్తి వాళ్ళ ఒంట్లో లేకపోవడమూ నిజమే. కానీ రోగం మాత్రమే అనడంలో ఒక సౌకర్యం ఉంది, ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. పొలం పోయి, వేటనేల పోయి, పదేపదే పంట తగలబెట్టించుకుని, పస్తులతో ఉన్న మనిషికి రోగం తగలడం వేరు, కడుపునిండా తిన్నవాడికి తగలడం వేరు. పందుల సంగతే చూడండి. ఇంగ్లిష్‌వాళ్ళు పందుల్నీ పశువుల్నీ అడవిలోకి వదిలేసేవాళ్ళు. కంచె వేసుకోవాల్సిన బాధ్యత పశువుల యజమానిది కాదు, పంట వేసినవాడిది, చట్టమే అలా ఉండేది. కంచె అంటే తెలియని పౌహాటన్ మొక్కజొన్న చేలు ఆ పందులకు మేత. పందిని చంపితే దొంగతనం కేసు.

1669 నాటికి వర్జీనియా అసెంబ్లీ ఒక లెక్క తీయించింది. తెగలవారీగా విల్లు పట్టగల మగవాళ్ళు ఎంతమందని. మొత్తం 725 మంది. ఈ లెక్క తీసింది వాళ్ళమీద జాలితో కాదు, భయంతో కూడా కాదు. తోడేళ్ళు పశువుల్ని తింటున్నాయి, కాబట్టి ప్రతి అయిదుగురు వేటగాళ్ళకు ఒక తోడేలు తల చొప్పున ఏటా 145 తలలు కప్పంగా తెచ్చివ్వాలని చట్టం చేశారు, ఆ పంపకానికి జనాభా లెక్క కావాల్సొచ్చింది. తమ చేలు తిన్న పశువుల్ని కాపాడే పని వాళ్ళకే అప్పజెప్పారన్నమాట.

ఇప్పుడు 1619లో దిగిన ఆఫ్రికన్ల దగ్గరికి రావాలి. వాళ్ళు అంగోలా వైపు ండోంగో రాజ్యం మనుషులు. ఆ ఏళ్ళలో పోర్చుగీసు గవర్నర్ ఇంబంగాలా కిరాయి యోధులతో కలిసి ఆ రాజ్యంమీద దండెత్తి వేలమందిని పట్టి లువాండా రేవుకు నడిపించాడు. సుమారు 350 మందిని ఎక్కించుకుని మెక్సికో వైపు పోతున్న పోర్చుగీసు ఓడను దారిలో రెండు ఇంగ్లిష్ దోపిడీ ఓడలు కొట్టాయి, కొందరిని లాక్కుని వర్జీనియాలో అమ్మేశాయి. వాళ్ళలో ఒకామె పేరు మనకు దొరుకుతుంది. ఏంజెలా. 1625 లెక్కలో ఒక కెప్టెన్ ఇంట్లో ఉన్నట్టు ఒక్క లైను. ఆమె అసలు పేరు ఏమిటో, ఇంట్లో ఎవరెవరు ఉండేవారో, ఆ లైనులో లేదు.

మొదటి ముప్ఫై నలభై ఏళ్ళు వర్జీనియాలో నల్లవాడు అంటే కచ్చితంగా జీవితాంతం బానిస అనే నియమం రాతలో లేదు. ఆంటొనీ జాన్సన్ అనే ఆఫ్రికన్ చాకిరీ నుంచి బయటపడి, 1651లో అయిదుగురి పేరుమీద హెడ్‌రైట్ చూపించి 250 ఎకరాలు పొందాడు. అతని దగ్గరే ఒక నల్ల బానిస ఉండేవాడు కూడా, కాబట్టి ఇదేదో మంచివాళ్ళు చెడ్డవాళ్ళ కథగా చూస్తే చేతికి చిక్కదు. అతను 1670లో చనిపోయాక కోర్టు ఏం తేల్చిందంటే, అతను నీగ్రో కనుక పరాయివాడు, భూమి ప్రభుత్వానికి చెందుతుంది అని. 1651లో అడ్డం రాని రంగు 1670 నాటికి అడ్డమొచ్చింది. ఆ మధ్యలో జరిగిందేమిటో చట్టాల పుస్తకంలోనే ఉంది.

1640లో ఒకే యజమాని దగ్గర్నుంచి ముగ్గురు కూలీలు పారిపోయి పట్టుబడ్డారు. ఒకడు డచ్చివాడు, ఒకడు స్కాట్లండ్‌వాడు, మూడోవాడు జాన్ పంచ్ అనే నల్లవాడు. ముగ్గురికీ 30 కొరడా దెబ్బలు, అక్కడివరకు సమానం. తెల్లవాళ్ళిద్దరికీ యజమాని దగ్గర ఇంకో ఏడాది, కాలనీకి మూడేళ్ళు అదనపు చాకిరీ. జాన్ పంచ్‌కు చచ్చేదాకా. 1656లో ఎలిజబెత్ కీ అనే ఆమె తన తండ్రి ఇంగ్లిష్‌వాడని, తాను బాప్తిస్మం తీసుకున్న క్రైస్తవురాలినని కోర్టుకెక్కి స్వేచ్ఛ గెలుచుకుంది. ఆ రెండు దారులూ కొన్నేళ్ళలోనే మూసేశారు. 1662లో బిడ్డ స్థితి తల్లిని బట్టి అని చట్టం. ఇంగ్లండ్ ఆచారం తండ్రిని బట్టి, అయినా సరే. అంటే యజమాని తన బానిసను చెరిచి బిడ్డను కంటే ఆ బిడ్డ కూడా అతని ఆస్తిలో జమ. 1667లో బాప్తిస్మంతో బానిసత్వం పోదని చట్టం. 1669లో దండించేటప్పుడు బానిస చచ్చిపోతే అది నేరం కాదని ఇంకోటి, తన ఆస్తిని తానే కావాలని ఎవరు నాశనం చేసుకుంటారు అన్నది అందుకు చెప్పిన కారణం.

1676లో బేకన్ అనే తోటయజమాని నడిపిన తిరుగుబాటు జరిగింది, తెల్ల నల్ల పేదలు కలిసి గవర్నర్‌మీద తిరగబడ్డారు, దాంతో భయపడ్డ పెద్దలు జాతిభేదం కనిపెట్టారు అని ఒక కథ ఇంటర్నెట్‌లో బాగా తిరుగుతుంటుంది. వినడానికి బాగుంటుంది, సగమే నిజం. పైన చెప్పిన చట్టాలన్నీ దానికి ముందువే. తిరుగుబాటు చివర్లో ఆయుధాలు దింపని గుంపులో 80 మంది నల్లవాళ్ళు, 20 మంది ఇంగ్లిష్ కూలీలు ఉన్న మాట వాస్తవం. కానీ బేకన్ మొదలుపెట్టింది పేదల విముక్తి కోసం కాదు, స్థానికుల భూములమీద దాడికి గవర్నర్ అనుమతి ఇవ్వలేదని. కాలనీతో స్నేహంగా ఉన్న పమంకీ తెగను చిత్తడినేలల్లోకి తరిమి చంపాడు. యుద్ధంలో పట్టిన స్థానికులు జీవితాంతం బానిసలు అని అతని మద్దతుదారుల అసెంబ్లీ చట్టం చేసింది.

బానిసల సంఖ్య పెరగడానికి ఇంకాస్త చప్పటి కారణం ఉంది. 1660ల తర్వాత ఇంగ్లండ్‌లో జననాలు తగ్గి కూలిరేట్లు పెరిగాయి, సంతకం పెట్టి వచ్చే కుర్రాళ్ళు తగ్గారు. 1698లో రాయల్ ఆఫ్రికన్ కంపెనీ గుత్తాధిపత్యం పోయి, ఎవరైనా బానిస ఓడ నడపొచ్చు అయింది. 1671లో గవర్నర్ లెక్క ప్రకారం 40,000 జనాభాలో నల్ల బానిసలు 2,000. 1750 నాటికి లక్ష పైన. 17వ శతాబ్దం చివరిదాకా ఆఫ్రికన్ బానిసను దింపినా ఆ 50 ఎకరాలు ఇచ్చారు. 1705లో చట్టాలన్నీ ఒకచోట చేర్చినప్పుడు, గడువు తీరిన తెల్లకూలీకి మొక్కజొన్న, కాస్త డబ్బు, ఒక తుపాకీ ఇవ్వాలని రాశారు. అదే చట్టంలో బానిసలు పెంచుకునే గుర్రాలు, పశువులు, పందులు లాక్కుని అమ్మి ఆ డబ్బు ఊళ్ళో పేదలకు పంచాలని కూడా రాశారు. పేద తెల్లవాడి చేతికి తుపాకీ, నల్లవాడి పంది అమ్మిన సొమ్ము. జాతిభేదాన్ని ఇంత ఖర్చు తక్కువగా ఎక్కడా కట్టి ఉండరు.

పొగాకు నేలలు చచ్చుబడ్డాక కథ దక్షిణానికి మళ్ళింది. పత్తికి గిరాకీ వచ్చింది, 1808లో బయటినుంచి బానిసల దిగుమతి నిషేధమైంది, వర్జీనియా పెద్దమనుషులు సొంత తోటల్లో పుట్టినవాళ్ళను అమ్ముకోవడం మొదలుపెట్టారు. 1790 నుంచి 1860 లోపు పై రాష్ట్రాల నుంచి లోతట్టు దక్షిణానికి సుమారు 10 లక్షల మందిని తరలించారు. వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో అదొక బజారు. భార్య ఒక బండిలో, భర్త ఇంకో రాష్ట్రంలో. దీన్నీ వలస అనే అనాలా?

ఒంగోలు బ్యారన్‌కు, అంటే పొగాకు కాల్చే గదికి, దగ్గరి సంగతి ఒకటి మిగిలింది. వర్జీనియా సరిహద్దుకు ఆనుకుని నార్త్ కరొలైనా కాస్వెల్ కౌంటీలో 1839లో స్టీఫెన్ అనే 18 ఏళ్ళ బానిస కుర్రాడు రాత్రి పొగాకు గదికి మంట కాస్తూ నిద్రపోయాడని, లేచేసరికి మంట ఆరిపోతుంటే కంగారుపడి కమ్మరి కొలిమికి దాచిన బొగ్గులు తెచ్చి గుప్పించాడని, ఆ పొడివేడికి ఆకు నిమ్మపండు రంగు తిరిగిందని చెబుతారు. ఆ ఆకు మంచి ధర పలికింది. తర్వాత బొగ్గు బదులు ఇనప గొట్టాల్లో వేడి పంపే పద్ధతి వచ్చింది. 1920ల నుంచి గుంటూరు జిల్లాలో బ్యారన్లు కట్టి వర్జీనియా పేరుతో కాలుస్తున్నది ఆ రకం ఆకే. స్టీఫెన్ యజమాని ఇంటిపేరు స్లేడ్, చరిత్రలో స్టీఫెన్‌ను కూడా ఆ ఇంటిపేరుతోనే పిలుస్తున్నారు.

పౌహాటన్ తెగలు అంతరించాయని చాలామంది అనుకుంటారు, వర్జీనియా ప్రభుత్వం కూడా ఒకప్పుడు అలా అనిపించడానికి గట్టిగానే పనిచేసింది. 1924లో జాతి శుద్ధి చట్టం తెచ్చి మనుషుల్ని తెల్లవాళ్ళు, మిగతావాళ్ళు అని రెండుగా విడదీశారు. జనన మరణాల రిజిస్ట్రార్‌గా ఉన్న వాల్టర్ ప్లెకర్ రాష్ట్రంలో అసలైన ఇండియన్లు (అంటే అమెరికా స్థానికులు) లేరు, అంతా కలగాపులగమైన నల్లవాళ్ళే అని పట్టుబట్టి, బర్త్ సర్టిఫికెట్లలో 'ఇండియన్' అని ఉన్నచోట 'కలర్డ్' అని దిద్దించాడు. పోకహాంటస్ సంతతి అని గొప్పగా చెప్పుకునే పెద్ద తెల్ల కుటుంబాలకు ఇబ్బంది రాకుండా, పదహారో వంతు లోపు ఇండియన్ రక్తం ఉంటే ఫర్వాలేదని చట్టంలోనే ఒక సందు పెట్టారు. తర్వాత ఫెడరల్ గుర్తింపు కావాలని తెగలు అడిగితే, మీరు అప్పట్నుంచి ఇండియన్లేనని కాగితాలు చూపించండి అన్నారు. ఏ కాగితాలు? పమంకీలకు 2015లో గుర్తింపు వచ్చింది. వర్జీనియాలో మరో ఆరు తెగలు ఆ దారిలో నెగ్గలేక అమెరికా కాంగ్రెస్ చట్టం ద్వారా 2018లో తెచ్చుకున్నాయి.

పమంకీలు ఇప్పటికీ ఏటా థాంక్స్‌గివింగ్ ముందురోజు రిచ్‌మండ్ వెళ్ళి గవర్నర్‌కు జింకను కప్పంగా ఇస్తారు. 1677 ఒప్పందం ప్రకారం పన్ను బదులు అది. ఆ ఒప్పందం తమవైపు నుంచి ఒక్క ఏడూ తప్పలేదని చూపించడం వాళ్ళకు ముఖ్యం. కింగ్ విలియం కౌంటీలో నది ఒంపులో వాళ్ళ రిజర్వేషన్ ఉంది, అందులో చాలాభాగం చిత్తడి. మొత్తం సుమారు 1,200 ఎకరాలు. హెడ్‌రైట్ లెక్కలో 24 ఓడ టికెట్లు.